తరుగు లేని అచ్చయ్య

మిర్యాలగూడలో అచ్చయ్య పొద్దున్నే నడవని రోజు లేదు. ఆ నడక వల్ల ఆయన ఒక్క కిలో తగ్గిన రోజూ లేదు. వాన పడితే గొడుగు పట్టుకుని నడుస్తాడు, చలి పెడితే మఫ్లర్ చుట్టుకుని నడుస్తాడు, చుట్టాల పెళ్ళికి పోతే పందిరి చుట్టూ నడుస్తాడు. రెండేళ్ళలో మూడు జతల బూట్లు అరిగిపోయాయి. ఆయనను చూసి బుద్ధి తెచ్చుకుని నడక మొదలుపెట్టిన మిల్లు గుమస్తాలు ఇద్దరు సన్నబడి, పాత ప్యాంట్లు తమ్ముళ్ళకు ఇచ్చేశారు. అచ్చయ్య మాత్రం ఎప్పటి అచ్చయ్యే.

వడ్లు కొనేచోట తేమకనీ తాలుకనీ బస్తాకింత తరుగు తీస్తారు కదా, ఆ మాట ఆయనకు అంటగట్టారు మిల్లుల దగ్గరివాళ్ళు. "ఎంత ఎండవోసినా తరుగు రాని వడ్లు మా అచ్చన్న" అనేవారు. ఆ మాటకు అచ్చయ్య నొచ్చుకునేవాడు కాదు. "మంచి వడ్లకు తరుగెందుకు తీస్తరు" అని ఛాతీ ఇంత చేసి పోయేవాడు. ఛాతీ అంటే, ముందు పొట్ట వచ్చేది, వెనక ఛాతీ వచ్చేది.

ఊళ్ళో అందరూ గ్రౌండులో గుండ్రంగా తిరుగుతారు. అచ్చయ్యకు అది నచ్చదు. "గుండ్రంగ తిరిగితే పోయిన బరువు మల్ల ఎదురుంగ వస్తది. సీదాగ నడిస్తె ఎనక వడి పోతది" అని ఆయన సిద్ధాంతం. అందుకని తెల్లవారగానే రైల్వే స్టేషన్ దాటి, లారీలు బారులు తీరే మిల్లుల రోడ్డు పట్టుకుని పోయేవాడు. ఐదు కిలోమీటర్లకు రెండు గంటలు పట్టేది. ఎందుకంత సేపని భార్య ఆండాలు అడిగితే, "ఉరికితె మోకాళ్ళు పోతయ్ ఆండాలూ, జర నిమ్మళంగ నడవాలె" అనేవాడు.

ఆయన పని లారీలు తూచే కాంటా దగ్గర. వడ్ల లారీ వచ్చి ఇనుప పలక మీద ఎక్కితే, లోపల కూర్చుని అంకె చూసి చీటీ ఇవ్వడం. ఆ కాంటా మీదే నడక ముగిసిన ప్రతి ఉదయమూ తానూ ఎక్కి నిలబడేవాడు. అది పదేసి కిలోలు దూకే కాంటా. ఎనభై ఆరున్నా తొంభయ్యే అంటుంది, తొంభై నాలుగున్నా తొంభయ్యే అంటుంది. రెండేళ్ళుగా తొంభై చూసుకుని మురిసిపోయాడు. ఇంటికొచ్చి, "ఒక్క కిలో పెరగలె సూడు" అని కంచం ముందు కూర్చునేవాడు.

ఆండాలు ఒకరోజు చెయ్యి పట్టుకుని మందుల షాపుకు లాక్కుపోయి అక్కడి చిన్న మిషన్ ఎక్కించింది. తొంభై నాలుగు చూపించింది.

"గిదేందయ్యా?" అంది.

"గది చిన్న మిషన్, దాని మాట ఇడిసిపెట్టు. మాది అరవై టన్నులు మోసెటిది. దాని అనుభవమేంది, దీని అనుభవమేంది?"

ఆండాలు ఆ తొంభై నాలుగును మనసులో రాసుకుని ఇంటిదారి పట్టింది.

నిజానికి ఆమెకు మొగుడి నడక మీద లోలోపల గొప్ప గర్వం. వాడకట్టులో ఆడవాళ్ళు తమ మొగుళ్ళు ఎనిమిదింటికి లేస్తారని చెప్పుకుంటుంటే, ఈమె మాత్రం "మా ఆయన అప్పటికి మిల్లుల రోడ్డు సుట్టి వస్తడు" అనేది. ఆ వెంటనే ఎవరో ఒకరు, "మరి సుట్టి వచ్చినట్టు కనబడడేంది వదినా?" అనేవారు. ఆ మాట పడలేక ఇంట్లో అన్నం తగ్గించింది. బియ్యం మిల్లుల ఊళ్ళో ఉండి కూడా రాత్రిపూట రెండు జొన్న రొట్టెలు పెట్టింది. పొద్దున మెంతుల నీళ్ళు పట్టించింది. మోతె అనే పల్లెలో గొర్లు కాసిన మామ సన్నగా వెదురు కర్రలా ఉండేవాడు కదా, ఈయనకు ఈ ఒళ్ళు ఎక్కడినుంచి వచ్చిందని దవాఖానలో థైరాయిడ్ పరీక్ష కూడా చేయించింది. అంతా మంచిగానే ఉందన్నారు.

"మా నాయిన గొర్ల ఎంబడి దినాం ఇరవై కిలోమీటర్లు నడిచెటోడు" అని అచ్చయ్య లెక్క చెప్పాడు. "నేను ఐదే నడుస్తున్న. ఇంకొక నాలుగు తరాలు ఓపిక పట్టు."

ఆ నవ్వులు సూర్యాపేట డాక్టరు దగ్గర ఆగిపోయాయి. రక్తం కాగితం చూసి డాక్టరు కళ్ళజోడు తీశాడు. "షుగర్ గీత దాటింది. మూడు నెలలు టైమిస్తున్నాను. ఐదు కిలోలు తగ్గితే గోళీలతో సరిపోతుంది. తగ్గలేదా, ఇన్సులిన్ సూదే" అన్నాడు. అచ్చయ్య తల ఊపాడు. ఆండాలుకు మాత్రం అన్న గుర్తొచ్చాడు. అనంతగిరిలో ఉండే ఆ అన్న ఇదే షుగర్‌ను నిర్లక్ష్యం చేసి, కాలి వేళ్ళు రెండు తీయించుకున్నాడు. బస్సులో వస్తూ మొగుడి కాళ్ళ వంకే చూసింది. ఆ అరిగిన బూట్లు చూస్తే ఏడుపొచ్చింది.

నెల గడిచింది. మందుల షాపు మిషన్ తొంభై నాలుగు దగ్గరే మొండికేసి కూర్చుంది. కోదాడలో స్కూలు టీచరుగా చేస్తున్న కూతురు స్రవంతి రోజూ ఫోను చేసేది.

"నాన్న ఇంకా తగ్గలేదా అమ్మా? అసలు నడుస్తున్నాడా?"

"కోదాడ పోయినంక నీ మాట మారింది గని, మీ నాయిన బరువు మారలే బిడ్డా."

"ఉండు, నేను చూస్తాను" అంది స్రవంతి. తండ్రి ఎటు పోతున్నాడో తన ఫోనులో కనబడేలా ఆయన ఫోనులో ఏదో నొక్కి పెట్టింది పోయినసారి వచ్చినప్పుడు. మరునాడు పొద్దున్నే మళ్ళీ ఫోను. "అమ్మా, నాన్న నడుస్తున్నాడు కానీ మూడుచోట్ల ఆగుతున్నాడు. ఒక్కోచోట ఇరవై నిమిషాలు. అదీ నిలబడినచోటు నుంచి కదలకుండా."

ఆండాలు లెక్క వేసింది. ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడ్డాడంటే ఆయాసమన్నా రావాలి, తిండన్నా ఉండాలి. ఆయాసం కాకపోతే బాగుండునని ఒకసారి, తిండి కాకపోతే బాగుండునని ఒకసారి దేవుడికి మొక్కుకుంది.

మరునాడు అచ్చయ్య గడప దాటిన పావుగంటకు ఆమె ఆటో ఎక్కింది. స్టేషన్ దాటాక, లారీల వరుస మొదట్లో, ఒక ఇడ్లీ బండి ముందు మొగుడు కనబడ్డాడు. చేతిలో నాలుగు ఇడ్లీల ప్లేటు. రోడ్డు వైపు ముఖం పెట్టి, కాళ్ళు ఎడంగా పెట్టి, ముక్క చట్నీలో ముంచి, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల అటూ ఇటూ ఊపుతూ తింటున్నాడు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో తన వంటను ఒక్కసారి కూడా అంత పరవశంగా తినలేదు ఈ మనిషి. ఆండాలుకు ఒళ్ళు మండింది.

ఆటో అతన్ని ఆగమంది. తినడం అయింది. అచ్చయ్య మూతి తుడుచుకుని నడిచాడు. అర కిలోమీటరు పోయాక స్టీఫెన్ అనే కుర్రాడి పూరీ బండి. అక్కడా రోడ్డు వైపే తిరిగి, అదే పరవశం. ఆ తర్వాత చాందీ అనే ఆమె మైసూర్ బజ్జీల బండి. బజ్జీ నోట్లో పెట్టుకోబోతుండగా వెనకనుంచి వినబడింది.

"రెండు జొన్న రొట్టెలు తిని సన్నబడతలేవని నేను నీ థైరాయిడ్‌ను తిడుతున్న."

అచ్చయ్య చేతిలో బజ్జీ అలాగే ఆగిపోయింది. "ఆండాలూ, నువ్వా. నడకకు వచ్చినవా?"

"నడకనా, మేతనా?"

బజ్జీల నూనె గరిట పక్కన పెట్టి చాందీ అడ్డం వచ్చింది. "వదినా, అన్నను ఏమనకు. నీకు తెల్వదు. ముందు ఇడ్లీ బండి సత్తెమ్మను అడుగు పో."

ముగ్గురూ ఇడ్లీ బండి దగ్గరికి తిరిగొచ్చారు. సత్తెమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఆమె మొగుడు లచ్చయ్య మిల్లులో హమాలీ. రెండేళ్ళ కింద బస్తా మోస్తూ నడుం విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. సత్తెమ్మ ఈ బండి పెట్టింది. మూడు రోజులు ఒక్కడూ ఆగలేదు.

"నాలుగోనాడు బండి తీసేద్దామనుకున్న వదినా. అప్పుడే అన్న నడుచుకుంట వచ్చిండు. ఒక ప్లేటు పెట్టమన్నడు. గీడనే, రోడ్డు దిక్కు తిరిగి, మెల్లగ తిన్నడు. లారీ మీదున్న డ్రైవర్ సూసిండు. గంత భారీ మనిషి గట్ల తింటున్నడంటే ఇడ్లీల ఏందో ఉందనుకున్నడు. దిగిండు. వాని ఎంబడి ఇంకొకడు దిగిండు. ఏడున్నరకు నా గిన్నె ఖాళీ. నాటినుంచి అన్న బోణి చేస్తెనే పొయ్యి మీద చెయ్యి పెడుత. అన్న చెయ్యి మంచిది."

"చెయ్యి కాదు, పొట్ట" అన్నాడు అచ్చయ్య మెల్లగా. "ఇది సూసి స్టీఫెన్ అడిగిండు, చాందీ అడిగింది. ఎట్ల కాదంట ఆండాలూ? నీకు చెప్తె మాన్పిస్తవు. డాక్టర్ చెప్పినంక నాకూ భయమైంది. అయినా సన్నటోడు తింటె ఏ లారీ ఆగుతది చెప్పు?"

ఆండాలు ఆయన అరిగిన బూట్ల వంక చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నీకేమన్నా అయితె నేనేం గావాలెనయ్యా? గా ఆలోచన రాలేదా నీకు?" అంది. అచ్చయ్య తల వంచుకున్నాడు. కాంటా మీద ఎక్కిన లారీలు ఎన్నో చూశాడు కానీ, భార్య కంటి నీళ్ళు ఎంత బరువుంటాయో ఆయనకు ఆ రోజే తెలిసింది.

కన్నీళ్ళు తుడుచుకుంటూ ఆండాలు ఊరికే చట్నీలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ముఖం మారిపోయింది.

"సత్తెమ్మా, పల్లీలు మాడగొట్టినవా?"

"దినాం గంతనే వదినా. నాకు చట్నీ కుదరదు."

ఆండాలు మొగుడి వైపు తిరిగింది. "రెండేండ్ల సంది గీ చట్నే తింటున్నవా?"

"తింటున్న."

"మంచిగున్నదా?"

"లేదు."

"మరి కండ్లు మూసుకుని తల ఊపుకుంట తింటివి?"

"మంచిగున్నట్టు తిన్న" అన్నాడు అచ్చయ్య.

అది విన్నాక ఆమెకు కోపం నిలవలేదు. రుచిలేని చట్నీని ఏడువందల రోజులు రుచిగా తిన్న మనిషితో ఎవరు మాత్రం కొట్లాడగలరు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. మొగుడి మీద ఇంత గర్వం పెళ్ళినాడు కూడా కలగలేదామెకు. కొంగు నడుముకు చుట్టి సత్తెమ్మను పక్కకు జరిపింది. పల్లీలు మళ్ళీ వేయించింది. పచ్చిమిర్చి, చింతపండు, ఎల్లిపాయ వేసి మళ్ళీ నూరించింది. అరగంటలో ఆ బండి చుట్టూ లేచిన పోపు వాసనకు లారీ క్లీనర్లు టైర్ల మీదనుంచి దిగి వచ్చారు. అచ్చయ్య వట్టి చేతులతో పక్కన నిలబడి ఉన్నా ఎవరూ ఆయన వైపు చూడలేదు.

"నా పొట్టతోని ఇగ పని లేదా?" అన్నాడు కొంచెం చిన్నబుచ్చుకుని.

"బోణికి ఒక్క ఇడ్లీ. గంతే. ఇరవై నిమిషాలు తింటవో, గంట తింటవో నీ ఇష్టం."

ఆ రోజునుంచి ఇద్దరూ కలిసి నడిచారు. ఒక వారం సత్తెమ్మ చట్నీ, ఒక వారం స్టీఫెన్ ఆలుగడ్డ కూర, ఒక వారం చాందీ బజ్జీల పిండి. ఆండాలు తిట్టని బండి లేదు, నేర్పని బండి లేదు. అచ్చయ్య ఒక్క ఇడ్లీని ఇరవై నిమిషాలు తినడంలో ఆరితేరాడు. చీమ కూడా అంత నిదానంగా తినదని స్టీఫెన్ అనేవాడు.

గడువునాడు సూర్యాపేటలో డాక్టరు మిషన్ ఎనభై ఎనిమిది చూపించింది. డాక్టరు రెండుసార్లు ఎక్కించాడు. రక్తం కాగితం చూసి సూది మాట ఎత్తలేదు. "మొత్తానికి మీ నడక పనిచేసిందండీ" అన్నాడు.

ఆండాలు కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఆయన నడక రెండేండ్ల సందే పనిచేస్తున్నది సార్. మీ మిషన్‌కే కనబడలే" అంది.

డాక్టరుకు అర్థం కాలేదు. అచ్చయ్యకు అర్థమైంది. చెవుల దాకా ఎర్రబడి, లేని పనికి కాగితాలు మడతపెట్టుకున్నాడు.

బయటికొచ్చారు. దవాఖాన గేటు పక్కన కొత్తగా పెట్టిన పునుగుల బండి ఒకటుంది. ఒక పెద్దాయన నిండు పళ్ళెం ముందు పెట్టుకుని ఈగలు తోలుకుంటున్నాడు. ఒక్క మనిషి లేడు. అచ్చయ్య కాళ్ళు వాటంతట అవే నెమ్మదించాయి.

ఆండాలు ఆయన వంక చూసింది.

"నేనేం అనలే" అన్నాడు అచ్చయ్య.

ఆమె పెద్దాయనను చూసింది, ఖాళీ రోడ్డును చూసింది, మొగుడి చొక్కా పట్టుకుని బండి ముందుకు తీసుకుపోయింది.

"రెండంటే రెండే" అంది. "గట్ల కాదు, రోడ్డు దిక్కు తిరుగు. జర పొట్ట ముందుకు పెట్టి తిను."

అని, తాను చట్నీ గిన్నె మూత తీసింది.