సాల్మన్ రాజు దాచిన మడత

ఆళ్ళగడ్డలో సాల్మన్ రాజు కుట్టిన యూనిఫాం వేసుకున్న పిల్లవాణ్ని గుర్తుపట్టడం తేలిక. ముందు చొక్కా వస్తుంది, దాని వెనకాల పిల్లవాడు వస్తాడు. ఎదిగే పిల్లలకు కొలత మీద కుట్టడం తల్లిదండ్రులను మోసం చేయడమేనని టైలర్ సాల్మన్ రాజు సిద్ధాంతం. నిక్కరు అంచులో, చేతుల కింద, నడుము దగ్గర నాలుగేసి వేళ్ళ మడత లోపలికి దాచేవాడు. "యేడాదికోసారి తెచ్చుకోండప్పా, మడత విప్పి ఇస్తా, ఊరకే" అని గిరాకీలందరికీ చెప్పేవాడు. ఆ మాటను ఊరు శ్రద్ధగా వినేది, అంతే శ్రద్ధగా మర్చిపోయేది.

అటువంటి మనిషి నంద్యాలలో ఒక కంటి ఆసుపత్రికి వెళ్ళి, కొలతకు సరిగ్గా సరిపోయే వస్తువే కావాలని డాక్టరమ్మతో తగువు పెట్టుకున్నాడు.

కూతురు ఏంజెల్‌కు మూడేళ్ళు. సండే స్కూల్లో ఇచ్చిన బొమ్మల పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుంటుంటే, పిల్లకు భక్తి ఎక్కువని ఇంటిల్లిపాదీ మురిశారు. తీరా పరీక్ష చేయిస్తే రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ చేసి లోపల లెన్సు పెట్టాలంది డాక్టర్ విష్ణుప్రియ. అంతవరకూ బాగానే ఉంది.

"కానీ ఈరోజు కంటికి సరిపోయే పవరు పెట్టం. కొంచెం తక్కువ పెడతాం" అందామె.

"తక్కువేంది మేడమ్? నా బిడ్డకేనా తక్కువ?"

"పాప కన్ను ఇంకా పెరుగుతుందన్నా. ఇప్పటికి సరిపోయింది పెడితే పెద్దయ్యాక అదే ఎక్కువవుతుంది. లోపలి లెన్సును మాటిమాటికీ మార్చలేం కదా. ఇప్పటి లోటును కళ్ళజోడుతో పూడుస్తాం. కన్ను పెరిగేకొద్దీ అద్దాలు మారుస్తాం."

"అట్లయితే పెరిగినాకే పెట్టండి లెన్సు."

"మరీ పసిబిడ్డలకు అట్లాగే చేస్తాం, అంతదాకా దళసరి అద్దాలతో నెట్టుకొస్తాం. మీ పాప వయసుకు ఇప్పుడు పెట్టడమే మేలని నేనంటాను. ఆపరేషన్ మాత్రం ఆలస్యం చేయొద్దు. ఈ వయసులో సరిగ్గా చూడని కన్ను, తర్వాత ఏం చేసినా చూడటం నేర్చుకోదు. ఆలోచించుకుని చెప్పండి."

ఆలోచించడమంటే సాల్మన్ రాజుకు నడవడం. వరండా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. గేటు దాకా వెళ్ళి టీ చెప్పాడు, తాగకుండా వచ్చేశాడు. మెడలో టేపు వేలాడుతూనే ఉంది. దుకాణంలో తీసిపెట్టడం మర్చిపోయాడు. ఎదురొచ్చిన కాంపౌండర్ భుజాన్ని కంటితోనే కొలిచి, ఆ చొక్కా కుట్టినవాణ్ని మనసులో తిట్టాడు.

"కూచో మామా, బండలు అరుగుతాండాయి" అంది భార్య మేరీ, నిద్రపోతున్న పిల్లను ఒళ్ళో సర్దుకుంటూ. "ఆయమ్మ చెప్పింది నీకు తెలీలేదా? మడత పెట్టి కుడతానంటాంది. ఊర్లో పిల్లోళ్ళందరికీ నువ్వు చేసేదే కదా!"

"గుడ్డ యేరు, కన్ను యేరు మే."

"యేరే. ఆయమ్మ చదువుకోని చేస్తాంది."

సాల్మన్ రాజు టేపును వేలికి చుట్టాడు, విప్పాడు.

"మడత పెట్టేది కష్టం గాదు మేరీ. దాన్ని విప్పించుకునేకి ఎవురొచ్చినారు చెప్పు? ఇన్నేండ్లలో ఒక్కడన్నా వచ్చినాడా?"

మేరీ పిల్ల నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి తోసింది.

అతను మళ్ళీ డాక్టరమ్మ గదిలో దూరాడు. "మేడమ్, అద్దాలు మార్పించుకునేకి రాకపోతే ఏమైతాది?"

"లెన్సు ఉంటుంది. చూపే మందగిస్తుంది."

"శానామంది రారా?"

"చాలామంది రారన్నా" అందామె నీరసంగా. "చూపు వచ్చింది కదా అనుకుంటారు."

ఇద్దరి వృత్తిలోనూ ఒకటే శాపం ఉందని సాల్మన్ రాజుకు అప్పుడు అర్థమై, ఆమె మీద గౌరవం పుట్టింది. "పెట్టండి మేడమ్" అన్నాడు. అని, మళ్ళీ నడవడానికి వెళ్ళాడు.

రెండు కళ్ళకూ ఒకదాని తర్వాత ఒకదానికి ఆపరేషన్లు అయ్యాయి. కళ్ళజోడు వచ్చింది. జారకుండా వెనక ఎలాస్టిక్ పట్టీ తనే కుట్టాడు. ఏంజెల్ దాన్ని పీకేది, అతను తొడిగేవాడు. దుకాణంలో మిషను ఆగి ఆగి నడిచేది.

తర్వాతి కంటి పరీక్ష సరిగ్గా బడులు తెరిచే ముందురోజు పడింది. ఆ రోజు టైలరు షట్టరు దించడమంటే పెళ్ళికొడుకు పీటల మీంచి లేచిపోవడమే. మేరీ కూడా "వచ్చే వారం పోదాం లే మామా" అంది. అతను పిల్లను చంకనేసుకుని షట్టరు దించుతుంటే, పాత గిరాకీ రంగనాయకమ్మ మనవడి చెయ్యి పట్టుకుని అడ్డం నిలబడింది.

"యాడికప్పా పోతాండావ్? తెల్లారితే బడి! వీనికి నిక్కరు లేదు!"

"నంద్యాలకు పోవాలమ్మా. మడత విప్పించుకోని రావాల."

"ఏందీ?"

అతను బస్సు కోసం పరుగెత్తుతూనే వెనక్కి తిరిగి అరిచాడు. "పోయినేడు నిక్కరు యాడుందో ఎతుకు! దాంట్లో నాలుగు వేళ్ళ మడత గుడ్డ ఉంది! సాయంత్రం తీసుకోని రా!"

బస్సులో సీటు దొరికింది గాని శిరివెళ్ళ దాటినా అతను కుదురుగా కూర్చోలేదు. కుదుపు కుదుపుకూ ఏంజెల్ కళ్ళజోడు జారుతోంది, అతను పైకి తోస్తున్నాడు.