జాగ ఆపిన రాళ్లు

మొన్న మా అక్క ఊరికి వెళ్తుంటే దారిలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. బండ్లు వాటి మీదికి ఎక్కకుండా అంచున తలకాయంత రాళ్లు వరుసగా పేర్చారు. అందులో ఒక రాయి నడిరోడ్డులోకి వచ్చి ఉంటే స్కూటర్ ఆపి, కాలితో పక్కకు నెట్టాను. పాదాలతో వడ్లను కలియదిప్పుతున్న ఒక నడివయసు ఆవిడ అక్కడి నుంచే కేకేసింది. "ఓ సారూ, గా రాయి నిన్నేమన్నదే? ముట్టకు, జాగ పోతది!" నేను మారు మాట్లాడకుండా స్కూటర్ ఎక్కాను. నన్నెరిగినవాళ్లు ఈ మాట నమ్మరు. మాటకు మాట అప్పజెప్పకుండా కదలడం నా నైజం కాదు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీ టైమాఫీసులో పనిచేసి, బీరంగూడలో ఫ్లాటు కొనుక్కుని రిటైరయినవాణ్ణి. మా అపార్ట్‌మెంటు లిఫ్టు గురించే తొమ్మిది దరఖాస్తులు పెట్టాను. పద్దెనిమిదేళ్ల కిందట ఒక పెళ్లిలో నన్ను మొదటి బంతి నుంచి లేపి రెండో బంతిలో కూర్చోబెట్టిన పెద్దమనిషి ఆ రోజు ఏ రంగు చొక్కా తొడుక్కున్నాడో ఇప్పటికీ చెప్పగలను.

ఆ పెళ్లిలోనే మా బావ, అంటే మా అక్క భర్త, పదిమందిలో నాకు 'దరఖాస్తుల దొర' అని పేరు పెట్టాడు. అందరూ నవ్వారు. నేను ఆరు నెలలు ఆయన ఇంటి గడప తొక్కలేదు. ఆయన మాత్రం ఏమీ జరగనట్టు ఒకరోజు సీతాఫలాల సంచి తెచ్చి మా గుమ్మంలో పెట్టి, "బామ్మర్దీ, ఇవ్విటి మీద గుడ ఒక దరఖాస్తు రాస్తవా?" అని అడిగాడు. అలాంటి మనిషి మీద కోపం నిలవదు, అయినా నేను శక్తికొద్దీ నిలబెట్టుకున్నాను. పొలంలో కొంత ప్లాట్ల వెంచర్‌కు పోయాక ఆయన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో చేరాడు. పొద్దున ఆరింటి షిఫ్టు. మిగిలిన రెండెకరాల్లో వరి. ఇరవై ఏళ్ల నాటి మోటార్ సైకిల్‌ను ఎద్దును కడిగినట్టు కడిగి, పండుగకు బొట్టు పెట్టేవాడు. నలభై దాటించేవాడు కాదు. వెనక కూర్చుంటే నడుచుకుంటూ పోతే జల్దీ పోతామేమో అనిపించేదని మా అక్క అనేది. హెల్మెట్ మాత్రం హ్యాండిల్‌కు వేలాడేది. పోలీసులు నిలబడే చౌరస్తా వచ్చాక అది నెత్తికెక్కేది, చౌరస్తా దాటగానే మళ్లీ హ్యాండిల్‌కే.

ఇక్కడ రాళ్ల సంగతి కొంచెం చెప్పాలి. ఒకప్పుడు ఊళ్లో ఎవరి కళ్లం వాళ్లకుండేది. కళ్లాలన్నీ ప్లాట్లయ్యాయి. కోత మిషన్ పచ్చి వడ్లను కుప్పపోసి వెళ్లిపోతుంది, తడి ఆరితే తప్ప కొనేవాళ్లు ముట్టుకోరు. అంత చదునైన చోటు ఇక రోడ్డు ఒక్కటే. అందుకని బస్సు కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు ఆపినట్టు, కోతకు ముందే రోడ్డు అంచున రాళ్లు పెట్టి జాగ ఆపుకుంటారు. వడ్లు రాకముందూ ఆ రాళ్లుంటాయి, వడ్లు ఎత్తాకా ఉంటాయి. ఒకరి రాయిని ఇంకొకరు తీసి పారేయరు, అది తప్పు. జానెడు జరపడం మాత్రం అందరూ చేసేదే.

ఆరేళ్ల కిందట, కోతల కాలంలోనే, నేను అక్క వాళ్లింటికి వెళ్లాను. మర్నాడు షిఫ్టు నుంచి వచ్చాక బావ మడి కోత. ఆయన పొద్దున్నే రాళ్లు పెట్టి, షిఫ్టుకు పోయి వచ్చి, నడుం వాల్చాడు. సాయంత్రం నేను అలా రోడ్డు మీదికి వెళ్లేసరికి బావ పాలోడు, అంటే దాయాది, పక్క మడి ఆయన, మా వరుసను జరిపి తన వరుసను పొడిగించుకుంటున్నాడు. ఎవరి రాళ్లు జరుపుతున్నావని గట్టిగానే అడిగాను. "ఓహో, దరఖాస్తుల దొర వచ్చిండా! రెండు బారలు జరిపితె మీ బావ వడ్లు మొలకొస్తయా? పో, కలెక్టరుకు రాసుకో పో" అన్నాడు. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినపడుతుంది. అతను ఇంటికి వెళ్లేదాకా ఆగి, పొడవులో పోయిన జాగను వెడల్పులో తెస్తానని పంతం పట్టి, మా రాళ్లను నాలుగింటిని నడిరోడ్డు వైపు లాగాను. బావకు చెప్పలేదు. పొద్దున చూసి మెచ్చుకుంటాడని అనుకున్నాను.

పొద్దున ఐదింటికి ఆయన బండి చప్పుడు విని నాకు మెలకువ వచ్చింది. బయట మంచు, చీకటి. లేచి చెబుదామా అనుకుని, రగ్గు కప్పుకున్నాను. ఆ రోడ్డు మీద ఆయన తన రాళ్లు ఎక్కడ పెట్టుకున్నాడో ఆయనకు బాగా తెలుసు. అందుకే చూసి ఉండడు. కొద్దిసేపటికే పాల బండి అతను వచ్చి తలుపు కొట్టి, బావ బండి రాయికి తగిలి పడిందన్నాడు. మేము పరుగెత్తేసరికి ప్రాణం లేదు. హెల్మెట్ హ్యాండిల్‌కే ఉంది. బండిని లేపినవాళ్లు, ఆయన్ను ఎత్తినవాళ్లు రాళ్లన్నిటినీ కిందామీదా చేసేశారు, ఏది ఎక్కడ ఉండిందో ఆనవాలు మిగల్లేదు.

పోలీసు కాగితంలో 'అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి, అదుపు తప్పి' అని రాశారు. నలభై దాటని మనిషి మీద అతివేగం! ఇదేం రాత అని స్టేషన్ రైటర్‌ను అడిగాను. "ఎదురుంగ బండి లేదు, ఇంకోడు లేడు. అందుకే పోయినాయన మీదనే కేసు సారూ. ఆయనే లేడు గద, ఇగ బంద్ అయితది" అన్నాడు. ఆ కాగితంలోని రెండు మాటలు కొట్టేయించాలని పట్టుబట్టాను. ముందటి ఏడు ఆ ఊరి చౌరస్తాకు షిఫ్టు బస్సు పంపడం మానేసిన బావ ఫ్యాక్టరీ మీద రాశాను. దీపం లేని రోడ్డు మీద రాశాను. చివరికి పాలోడి మీద, జాగకోసం రాళ్లు జరిపాడని మూడు కాపీలు తీసి రాశాను. అన్నిటిలోనూ ఒక్క వాక్యం వదిలేశాను. అక్క మాత్రం దినాలయ్యే దాకా ఒకటే అడిగేది. "ఎవని రాయిరా అది? అన్ని ఆరా తీస్తవు గద, గదొక్కటి చెప్పు."

దినాలు అయిన మర్నాడు పాలోడు బీరంగూడ దాకా వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "నా పేరు పెట్టినవట. పెట్టు, కాదంటలేను. నువ్వు లాగినయి బువ్వ తిన్నంక వచ్చి జూసిన. నాకు గుడ రోషమొచ్చింది, నావి గుడ నీ వరుసకు సాటిగ లాగిన. పొద్దుగాల ఏది తాకిందో నాకెర్క లేదు, నీకెర్క లేదు. గని నా కింద నీ పేరు గుడ పెట్టు, దొరా" అన్నాడు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చనిపోయినవాడు అతనికి వరసకు తమ్ముడన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. దాన్ని అవమానంగా లెక్క వేసుకోవాలో వద్దో తెలియలేదు.

మర్నాడు ఇద్దరి పేర్లూ పెట్టి కొత్తగా రాసుకుని స్టేషన్‌కు పోయాను. రైటర్ రెండుసార్లు చదివి, నా ముఖం చూశాడు. "మీ మీద మీరే ఇస్తున్నరా? చాయ్ తాగున్రి ముందుగాల." తర్వాత నెమ్మదిగా అడిగాడు. "ఇద్దరు లాగిన్రు. ఏ రాయి తాకిందో ఎవలన్న జూసిన్రా? ఆయన నెత్తికి టోపి లేకపాయె. దీపం లేకపాయె. ఊరంత రాళ్లు పెడ్తది. మరి నేను ఎవరి పేరు రాయాలె, మీరే చెప్పున్రి." టైమాఫీసులో ముప్పై ఏళ్లు, ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యమో తేల్చి చెప్పినవాణ్ణి. ఆ బల్ల ముందు ఆ కాగితాన్నే మళ్లీ అతని వైపు జరిపాను. కాగితం తిరిగి ఇచ్చేశాడు. నా దరఖాస్తు తీసుకోనివాళ్ల మీద నాకు జీవితాంతం కోపం ఉంటుంది, ఆ మనిషి మీద మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో కూడా అర్థం కాలేదు. అతివేగం, అజాగ్రత్త అలాగే ఉండిపోయాయి.

స్టేషన్ నుంచి నేరుగా అక్క దగ్గరికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని చాటలో కందిపప్పు ఏరుతోంది. ఎదురుగా నిలబడే అంతా చెప్పాను. నవ్విన ఆడవాళ్ల గురించి చెప్పాను, నాలుగు రాళ్ల గురించి, రగ్గు కప్పుకున్న సంగతి కూడా. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆమె తల ఎత్తలేదు. పప్పులో ఏదో ఏరి పారేసి అంది.

"నువ్వు లాగకుంటె పొద్దుగాల లేసి ఆయనే లాగుతుండె. గాయన గుడ తక్వోడా?" తర్వాత చాట పక్కన పెట్టి, "అన్నం తింటవా?" అని లోపలికి వెళ్లింది.

తిన్నాను. ఆమె మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు, నేను అడగలేదు. ఆమె నన్ను క్షమించిందో, లేక బావనూ నన్నూ ఒకే వరుసలో నిలబెట్టి తప్పు మోపిందో తెలియదు. ఒక ఏడు ఆ మాట నన్ను వదిలేసినట్టు వినిపిస్తుంది, మరుసటి ఏడు పట్టుకున్నట్టు. నాలుగేళ్లు పోతే తేటపడుతుందిలే అనుకున్నాను. ఆరేళ్లు పోయాయి, పోయిన ప్రతి ఏడూ దానికి ఇంకో అర్థం కలిపి వెళ్లింది.