లిండా ఇంటిపేరుకి నేను కట్టిన కోట

ఉద్యోగం చేజార్చుకోవాలంటే ఎవరైనా పని ఎగ్గొడతారు, లేకపోతే బాసుతో గొడవపడతారు. నేను రీసెర్చ్ చేశాను. అదీ ఎవరూ అడక్కుండా, వీకెండ్లన్నీ తగలేసి, ఇంగ్లండ్‌లో ఎక్కడో ఉన్న ఒక కుగ్రామం పేరు మీద! అమెరికాలో, ఈ బెంటన్‌విల్‌లో, తలా ఓ వంటకం తెచ్చుకునే మా తెలుగువాళ్ల పాట్‌లక్‌లో కబుర్లు కాస్త చప్పబడితే చాలు, "మురళీ, నీ కోట కథ చెప్పవయ్యా" అంటారు. చెబుతాను. ఆనాటి ఆ వెధవని నేను కాక ఇంకెవరు తిడతారు?

సదరు వెధవ అప్పటికి ఓ సరుకుల కంపెనీలో కాంట్రాక్ట్ ఉద్యోగి. ప్రతి సోమవారం సేల్స్ రిపోర్టులు తయారుచేసి పంపడం వాడి పని. కాంట్రాక్ట్ అయిపోవస్తోంది, టీమ్‌లో ఫుల్‌టైమ్ పోస్ట్ ఒక్కటే ఖాళీ ఉంది. అది వస్తే వీసా గోల తీరుతుంది, రాకపోతే పెట్టె సర్దుకోవాలి. ఎవరికివ్వాలో తేల్చేది మేనేజర్ లిండా సగ్‌ఫోల్డ్. బుద్ధున్నవాడైతే పని మీద శ్రద్ధ పెట్టేవాడు. మనవాడు కాకా పట్టడం మీద పెట్టాడు.

ఒకరోజు లంచ్‌లో లిండా అడిగింది, "మురళీ, నీ లాస్ట్ నేమ్ ఏంటి, ఇంత పొడుగుంది?"

"అది మా తాతముత్తాతల ఊరి పేరు లిండా. మాలో ఇంటిపేరు వింటే చాలు, ఏ ఊరివాళ్లో చెప్పేయొచ్చు."

"ఓహో. సగ్‌ఫోల్డ్ కూడా ఇంగ్లండ్‌లో ఏదో పల్లెటూరేనట," అని డబ్బా మూత టక్కున వేసి లేచి వెళ్లిపోయింది. ఆ మూత వేసిన తీరు చూస్తే చిన్నపిల్లాడికైనా ఏదో అర్థమయ్యేది. నాకు మాత్రం ఫుల్‌టైమ్ పోస్ట్ కనబడింది. వచ్చే నెలలో ఆవిడ బర్త్‌డే. వాళ్ల ఊరి పేరు పుట్టుపూర్వోత్తరాలు తవ్వి ఫ్రేమ్ కట్టించి ఇస్తే? ఆహా, ఏం ఐడియా!

ఇక చూడండి నా వైభవం. ఇంజనీరింగ్‌లో హిస్టరీ లేదని సంబరపడినవాణ్ణి మధ్యయుగాల పండితుణ్ణైపోయాను. ఇంటర్నెట్‌లో పాత దానపత్రాలు పెద్దవి చేసుకుని చూశాను. అన్నీ లాటిన్. మిగతావన్నీ నాకేదో వచ్చేసినట్టు, ఈ ఒక్కటీ రాకపోవడమేమిటని విసుక్కున్నాను కూడా. చివరికి ఆ ఊరి చర్చి వెబ్‌సైట్‌లో దొరికింది అసలు సంగతి. పాత ఇంగ్లీషులో 'సుగు' అంటే ఆడపంది. 'ఫోల్డ్' అంటే దొడ్డి. ఒకప్పుడు అక్కడి మఠంవాళ్లు పందుల్ని తోలేది అక్కడికేనట.

నా రూమ్మేట్ శ్రీకాంత్‌ది వరంగల్. వాడూ అదే టీమ్, వాడిదీ కాంట్రాక్ట్ ఉద్యోగమే.

"ఏంది భై, మొఖం గట్ల పెట్టినవ్?"

"లిండా వాళ్ల ఊరి పేరుకి అర్థం పందుల దొడ్డిరా."

వాడు నవ్వీ నవ్వీ చాయ్ ఒంటిమీద పోసుకున్నాడు. "ఇడిసిపెట్టు భై. ఆ దినం పోయి కేక్ తిని రా, చాలు."

"లేదురా, కొంచెం పాలిష్ చేస్తే సరిపోతుంది."

"పందికి ఏం పాలిష్ చేస్తవ్ రా నాయనా!"

చేశాను. ముందు ఆడపందిని అడవిపంది చేశాను. అడవిపంది ఉందంటే వేట ఉంటుంది కదా, వేటంటే రాజు రావాలి కదా, రాజొస్తే చెట్టుకింద పడుకోడు కదా! సాయంత్రానికి పందుల దొడ్డి కాస్తా 'రాజుగారి వేటకోట' అయి కూర్చుంది. పైన రెండు సింహాల బొమ్మలు కూడా అతికించాను. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయని అడక్కండి.

బర్త్‌డే నాడు కాన్ఫరెన్స్ రూమ్‌లో అందరి ముందూ ఫ్రేమ్ ఎత్తిపట్టుకుని ఉపన్యాసం మొదలెట్టాను. "సగ్‌ఫోల్డ్ వంశం అంటే సామాన్యమా! రాజులకే ఆతిథ్యమిచ్చిన వంశం! వీరత్వానికీ, నమ్మకానికీ, ఇచ్చిన మాట తప్పని గుణానికీ పెట్టింది పేరు!"

ఎవరో దగ్గారు. శ్రీకాంత్ వెనకనుంచి నా చొక్కా లాగుతున్నాడు. కుళ్లుకుంటున్నాడు పాపం అనుకుని గొంతు ఇంకా పెంచాను. "ఆ గుణాలన్నీ మీ రక్తంలోనే ఉన్నాయి లిండా!"

"అది నా రక్తం కాదు మురళీ," అంది లిండా. "నా మాజీ మొగుడిది."

ఎత్తిపట్టుకున్న ఫ్రేమ్ మెల్లగా కిందికి దించాను.

"మాట తప్పని గుణమా? నా బెస్ట్ ఫ్రెండ్‌తో లేచిపోయాడు వాడు. పిల్లలకీ నాకూ ఒకే పేరుండాలని ఆ పేరు మోస్తున్నాను, అంతే."

టీమ్‌లో అందరికీ తెలుసట. పొగడ్తల పనిలో మునిగి తెలుసుకోనివాణ్ణి నేనొక్కణ్ణే. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండనిపించింది. అంతటితో నోరు మూసుకుంటే నేను నేనెందుకవుతాను?

"సారీ లిండా! ఇందులో ఒక్క ముక్క నిజం కాదు! అసలు అర్థం పందుల దొడ్డి!"

"ఏంటీ? మళ్లీ చెప్పు."

"ఆడపందుల దొడ్డి."

లిండా బల్ల గుద్ది గుద్ది నవ్వింది. కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "అయ్యో దేవుడా! ఇదే ఫ్రేమ్ కట్టి ఇచ్చుంటే నా జీవితంలో బెస్ట్ గిఫ్ట్ అయ్యేది కదయ్యా!"

నేనూ నవ్వాను. గండం గడిచింది, పోస్ట్ నాదే అనుకున్నాను. లిండా కళ్లు తుడుచుకుని ఫ్రేమ్ కేసి చూసింది, తర్వాత నాకేసి చూసింది.

"అయితే, పందుల దొడ్డి అని తెలిసీ, నేను సంతోషిస్తానని కోట అని రాశావన్నమాట."

"అవును లిండా," అన్నాను, సిగ్గులేకుండా, గర్వంగా.

"మరి నువ్వు సోమవారం సోమవారం నాకు పంపే సేల్స్ రిపోర్టుల్లో కోటలెన్ని, దొడ్లెన్ని?"

నా రిపోర్టులన్నీ మళ్లీ మొదట్నుంచీ తనిఖీ చేయించారు. తప్పు ఒక్కటీ లేదు. అయినా నమ్మేదెవరు? పోస్ట్ శ్రీకాంత్‌కి వెళ్లింది. ఆ రోజు వాడు నోరు విప్పింది కేక్ తినడానికే. నేను ఊళ్లోనే ఇంకో కంపెనీలో ఇంకో కాంట్రాక్ట్ వెతుక్కునేసరికి నా తాతలు దిగొచ్చారు.

కాబట్టి బంధుమిత్రులారా, ఈ పులిహోర ట్రే మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి ఇంటిపేరు జోలికీ పోను. ఖర్మకాలి పోవాల్సి వస్తే, అది పుట్టింటిదో మొగుడిదో ముందు కనుక్కుంటాను. మొగుడిదైతే, ఎంత గొప్ప కోట దొరికినా సరే, పందుల దొడ్డి అనే చెబుతాను.