మూఢంలో గ్రాఫిక్స్ కార్డ్

మా అమ్మాయి ఐదో తరగతిలో ఉన్నప్పుడు కొన్న కంప్యూటర్ అది. ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్న పాత డెస్క్‌టాప్. ఫ్రిస్కోలో మా ఇంటికి పావుగంట దూరంలో ఒకాయన గరాజ్‌లో అలాంటివి పేర్చుకుని అమ్ముతుంటే వెళ్లి తెచ్చాను. మా ఆవిడకి హోంవర్క్ కోసమని చెప్పాను. పిల్లకి గేమ్స్ కోసమని చెప్పాను. ఇద్దరికీ చెప్పనిది ఏమిటంటే, నాకూ ఆడాలని ఉండేది.

దాన్ని గేమింగ్ కంప్యూటర్ అనడానికి నోరు రాదు. కొత్త ఆటలు పెడితే నత్తనడక నడిచేది. ఒక పాత కార్ల రేసు మాత్రం హాయిగా ఆడించేది. స్క్రీన్ రెండు ముక్కలు: పైన తను, కింద నేను. ఇద్దరికీ కలిపి ఒకటే కీబోర్డ్, కుడివైపు బాణం గుర్తులు తనవి, ఎడమవైపు అక్షరాలు నావి. శనివారం ఉప్మా తినగానే కూర్చునేవాళ్లం. మోచేతులు తగులుతూనే ఉండేవి. నా కారు మలుపు మలుపుకీ గోడని గుద్దేది. "నాన్నా, బ్రేక్! బ్రేక్ వేయి!" అని అరిచేది. నిజం కార్లో నా పక్కన కూర్చుని ఒక్క మాట మాట్లాడని పిల్ల, అక్కడ కూర్చుంటే స్కూల్లో ఎవరితో దెబ్బలాడిందో కూడా చెప్పేసేది. అందుకే ఆ డబ్బా అంటే నాకంత ప్రాణం.

ఏడో తరగతికి వచ్చేసరికి స్నేహితులందరూ ఆన్‌లైన్‌లో కలిసి ఏదో కొత్త ఆట మొదలుపెట్టారు. మా డబ్బా దాన్ని మోయలేదు. తను వారం రోజులు వీడియోలు చూసి, మా సన్నటి పెట్టెలో పట్టే, ఆటల బొమ్మల్ని వేగంగా నడిపించే పొట్టి గ్రాఫిక్స్ కార్డ్ ఒకటి కనిపెట్టి, పుట్టినరోజుకి అదే కావాలంది. సరేనని ఆర్డర్ చేశాను. అది గుమ్మంలోకి వచ్చిన రోజు నాకు భయం పట్టుకుంది. ఇది బిగించామంటే పిల్ల హెడ్‌సెట్ పెట్టుకుని స్నేహితులతో వెళ్లిపోతుంది. నా శనివారం పోతుంది.

సరిగ్గా ఆ వారమే తెలిసినవాళ్ల గృహప్రవేశం మూఢం వచ్చిందని వాయిదా పడింది. పంచాంగం మొహం చూసి ఎరగని నేను ఆ మాటని గట్టిగా పట్టుకున్నాను.

"మూఢంరా తల్లీ. కొత్త వస్తువు ఇప్పుడు బిగించకూడదు."

"మూఢం అంటే?"

"ఆకాశంలో గురుడు కనిపించడు. మంచి పనులేవీ చేయరు."

"ఇట్స్ జస్ట్ ఎ గ్రాఫిక్స్ కార్డ్, నాన్నా."

"ఏదైనా కొత్తదే కదా."

నమ్మింది. కార్డ్ మూడు వారాలు క్లోసెట్‌లో ఉండిపోయింది. మూడు శనివారాలు ఆడుకున్నాం. అంత ఆనందంగా నేనెప్పుడూ గోడల్ని గుద్దలేదు.

నాలుగో శనివారం ఉప్మా తింటూ వాళ్లమ్మని అడిగింది, మూఢం ఎప్పుడు అయిపోతుందని. ఎందుకో కూడా చెప్పింది. ఆవిడ గరిటె పట్టుకుని నా వైపు తిరిగింది.

"కంప్యూటర్‌కి మూఢమేంటండీ? పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ చూస్తారు గానీ. పోయిన వారమే కదా మీరు కొత్త లాన్ మోవర్ తెచ్చుకున్నారు?"

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. పిల్లకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ప్లేటు పక్కకి జరిపి నన్ను అడిగింది.

"మన రేసింగ్ గేమ్ కోసం అలా చెప్పావా?"

తలూపాను.

"నాన్నా, నువ్వు జస్ట్ అడగొచ్చు కదా. నేను ఆడతాను కదా."

అడగడం! ఆ ఆలోచనే నాకు రాలేదు. నేను పెరిగిన ఇంట్లో నాన్నలు పిల్లలకి పనులు చెబుతారు, మార్కులు అడుగుతారు. నాతో కాసేపు కూర్చుంటావా అని మా నాన్న నన్ను ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే ఎగిరి గంతేసేవాణ్ణి.

ఆ మధ్యాహ్నమే డైనింగ్ టేబుల్ మీద డబ్బా విప్పాం. నేను టార్చ్ పట్టుకున్నాను, కార్డ్ తనే బిగించింది. సాయంత్రానికి నేను భయపడ్డట్టే హెడ్‌సెట్, స్నేహితులతో కేకలు, మూసిన తలుపు.

తర్వాతి శనివారం ఆ తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడి, "ఒక రేసు వేద్దామా?" అన్నాను. "గాయ్స్, ట్వంటీ మినిట్స్. మై డాడ్ వాంట్స్ టు ప్లే," అని మైకులో చెప్పి నాకు కుర్చీ జరిపింది. ఇరవై నిమిషాలన్నది గంటన్నర ఆడింది.

ఆ తర్వాత ర్యామ్ మార్చాం, డిస్క్ మార్చాం, చివరికి పెట్టెనే మార్చేశాం. ఇప్పుడది తనతోపాటు కాలేజీలో ఉంది. అన్నేళ్లలో నేను అడిగినప్పుడు పిల్ల ఒక్కసారి కూడా కాదనలేదు. బిజీగా ఉందేమో, స్నేహితులు నవ్వుతారేమో అనుకుని, అడగకుండా తలుపు దగ్గర్నుంచే వెనక్కి వచ్చేసిన శనివారాలే ఎక్కువ.