నజీరుద్దీన్ చుట్టిన గుండ్రం

తెనాలిలో నజీరుద్దీన్ వెల్డింగ్ షెడ్డు ఎక్కడని అడిగితే ఎగ్జిబిషన్ల వాళ్లు ఎవరైనా చెప్పేవారు. ముప్పై ఏళ్లుగా వాళ్లకు జెయింట్ వీల్స్ చేసిపెట్టిన మనిషి. పైపు వంచితే వెంట్రుకవాసి తేడా రాదు. ఆ గుండ్రమే ఆయన పేరు, ఆయన పొగరు కూడా. పనొచ్చిన వాడికి ఆ మాత్రం పొగరు లేకపోతే ఎలా?

ఏ చక్రమైనా ముందు ఇసుక బస్తాలతో తిరగాలి. తరవాత భార్య మున్నీసా ఎక్కాలి. ఆమె నవ్వుతూ దిగాకే జనానికి టికెట్లు.

ఫోన్లో వీడియోలు చూసి చూసి ఆయనకు రోలర్ కోస్టర్ పిచ్చి, అదే మనుషుల్ని తలకిందులు చేసే బండి పిచ్చి పట్టింది. అమెరికాలో 1975లో మెలికల పట్టా మీద మనుషుల్ని తలకిందులు చేశారట. మరుసటేడు నిలువు చుట్టు కట్టారట. ఇప్పుడు ఇంగ్లండులో ఓ బండి ఒక్క విడతలో పద్నాలుగుసార్లు తిరగేస్తోందట.

"మనం ఒక్కసారి తిప్పలేమా ఏంటి?" అన్నాడు మున్నీసాతో.

ఆ అమెరికా చుట్టు గుండ్రంగా లేదు. పైన ఇరుకు, కింద వెడల్పు, కోడిగుడ్డు నిలబెట్టినట్టుంది. నజీరుద్దీన్ పగలబడి నవ్వాడు. పాపం, అంతటివాళ్లకీ గుండ్రం చేతకాలేదనుకున్నాడు. తన చుట్టును చక్రాల అచ్చు మీదే వంచి పళ్లెంలా తేల్చాడు. అన్నీ తెలిసినవాడు అమావాస్యనాడు చచ్చాడని పెద్దలు ఊరికే అనలేదు. ఇక్కడ దెబ్బ మాత్రం వేరే మనిషికి తగిలింది.

నాలుగేళ్ల పనిని బాపట్ల ఎగ్జిబిషన్లో నిలబెట్టారు. బస్తాలు పది విడతలు తిరిగొచ్చాయి. మున్నీసా కొంగు బిగించి ఎక్కింది. బండి జర్రున దిగి చుట్టులోకి దూరగానే ఒకటే కుదుపు. ఆమె తల వాలిపోయింది.

నేరుగా పోయే బండి గుండ్రంలోకి మళ్లితే ఒంటి బరువు ఒక్కసారిగా అయిదారింతలవుతుంది. గుడ్డు ఆకారంలో అయితే ఆ బరువు మెల్లగా ఎక్కుతుంది. నూట పాతికేళ్ల కిందటి గుండ్రటి చుట్లలో మెడలు దెబ్బతిన్నాయని, అందుకే ఆకారం మార్చారని ఆస్పత్రి వరండాలో మరో వీడియో చూసి తెలుసుకున్నాడు. ఇసుక బస్తాలకు మెడలుండవు.

మున్నీసా ఇప్పుడు రేపల్లెలో, పుట్టింట్లో, మంచం మీద ఉంది. కాళ్లూ చేతులూ కదలవు, మెడ తిరగదు. ఇక ఇంతేనన్నాడు డాక్టర్. చుట్టును కోసి పాత ఇనుముకు తోలేశారు. నజీరుద్దీన్ రోజూ ఆమె మీదికి వంగి జావ తాగిస్తాడు. వంగకపోతే ఆమెకు ఆయన మొహం కనపడదు.

ఆమెకు ఇంకా ఆయన దిగులే. "ఊరికే కుమిలిపోకండి. మీకేం తెలుసండీ పాపం! తెలిస్తే నన్ను ఎక్కనిచ్చేవారా?" అంటుంది. ఆ ఓదార్పే ఆయన్ని తినేసింది.

మొన్న ఇక ఓర్చుకోలేకపోయాడు. "వాళ్లది గుండ్రంగా లేదని ముందే చూశాను మున్నీ. చేతగాక అలా కట్టారనుకున్నాను. నవ్వాను కూడా."

మున్నీసా మొహం తిప్పుకుందామనుకుంది, మెడ రాలేదు. కళ్లు మూసుకుంది. నజీరుద్దీనే గిన్నె పట్టుకుని, ఆమెకు కనపడనంత దూరం జరిగి కూర్చున్నాడు.