మూడో మలుపు దాటనివాడు

మావాడు పేము కుర్చీలు అల్లేవాడు. ఆఫీసుల్లో, లైబ్రరీలో, డాక్టర్ల వరండాల్లో ఎక్కడ కుర్చీ అడుగు చిరిగినా వాడికే కబురొచ్చేది. తొట్టిలో పేము నానబెట్టి, నేల మీద బాసింపట్టు వేసుకుని, కుర్చీని పసిపిల్లలా ఒళ్ళో పడుకోబెట్టుకుని అల్లేవాడు. ఊరందర్నీ కూర్చోబెట్టిన మనిషి తాను మాత్రం ఎప్పుడూ నేల మీదే. ఇంట్లో ఉన్న రెండు కుర్చీలూ ప్లాస్టిక్‌వి. "ఇదేంట్రా" అంటే, "ఇంటికొచ్చాక కూడా పనే కనబడాలా?" అని నవ్వేవాడు. వాణ్ణి మేం "కుర్చీ" అనే పిలిచేవాళ్ళం. పలికేవాడు కూడాను.

మేం అంటే లెక్కల మాస్టారు, కంపౌండరు, నేను. నాది జిరాక్స్ షాపు. పగలంతా ఉన్నదున్నట్టు కాపీలు తీసే పని కాబట్టో ఏమో, నోరు విప్పితే లేనిది కూడా కలిపి చెప్పడం నాకు అలవాటు. ఈ కథలో తప్పంతా ఆ అలవాటుదే.

ఏటా చలికాలం మొదట్లో ఒక ఆదివారం నలుగురం ఊరి అవతల ఉన్న కొండ ఎక్కడం మొదలుపెట్టాం. మొదటి ఏడాది రెండు మలుపుల దాకా కుర్చీయే అందరికన్నా ముందు. నా పొట్ట చూసి, "నువ్వు ఎక్కుతున్నావా, కొండని తోస్తున్నావా?" అని ఎగతాళి కూడా చేశాడు. మూడో మలుపు దగ్గర దారి జానెడైపోతుంది. ఒక పక్క బండ, ఇంకో పక్క ఏమీ లేదు. పట్టుకోవడానికి బండకి ఇనప గొలుసు కొట్టారు. కుర్చీ గొలుసు పట్టుకుని రెండడుగులు వేసి కిందకి చూశాడు. అంతే.

"ఒరేయ్, నా కాళ్ళు నా మాట వినడం లేదురా" అన్నాడు.

తర్వాత నెమ్మదిగా చేతులు కూడా నేలకి ఆనించాడు. కుర్చీకి నాలుగు కాళ్ళుంటాయని మాకు ఆ రోజే తెలిసింది. కంపౌండరు వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని వెనక్కి తెచ్చాడు. ఆ గాభరాలో వీడు పట్టు కోసం మాస్టారి చెవి దొరకబుచ్చుకున్నాడు. అది సాయంత్రం దాకా ఎర్రగానే ఉంది. పైగా కుర్చీ ప్యాంటు వెనకాల చిరిగింది. నవ్వలేక చచ్చాం.

వాడు మాత్రం నవ్వలేదు. "ఒట్టెయ్యండ్రా, మా ఆవిడకి తెలియకూడదు. పెళ్ళికి ముందు పెద్ద పెద్ద కొండలు ఎక్కేవాణ్ణని చెప్పుకున్నాను" అన్నాడు. ఒట్టేశాం. వాణ్ణి ఆ మలుపులో బండ మీద కూర్చోబెట్టి, మేం ముగ్గురం పైకెళ్ళొచ్చాం. రెండు గంటలు పట్టింది.

వచ్చేసరికి వాడు ఎండుగడ్డి పరకలతో అరచేతంత చాప అల్లి పెట్టాడు. "పైనేముందిరా?" అని అడిగాడు. "పదకొండు వందల మీటర్లు" అన్నాడు మాస్టారు. "గాలి" అన్నాడు కంపౌండరు. ఇంటికి తీసుకెళ్ళి పెళ్ళానికి చెప్పుకునే జవాబులు కావవి. వాడి మొహం చూసి నాకు జాలేసింది.

"మీ ఇల్లు కనబడుతోందిరా. మీ ఆవిడ డాబా మీద నిన్ను తిట్టుకుంటూ బట్టలారేస్తోంది" అన్నాను.

కొండ కొస అవతలి వైపుకి తిరిగి ఉంటుంది. మా ఊరికీ దానికీ మధ్య ఇంకో గుట్ట అడ్డం. అక్కణ్ణుంచి మా ఊళ్ళో కాకి కూడా కనబడదు. కానీ కుర్చీ మొహం వెలిగిపోయింది. ఒక్క పూట సరదా అనుకున్నాను.

మరుసటి ఏడాది బస్సు దిగుతూనే నా భుజం పట్టుకున్నాడు. "పదకొండింటికి డాబా ఎక్కి ఎర్ర దుప్పటి ఊపుతానంది. బాగా చూసి చెప్పు. ఎన్నిసార్లు ఊపిందో కూడా" అన్నాడు. అప్పుడైనా చెప్పేయాల్సింది. చెప్పలేదు. దిగొచ్చి, "తొమ్మిదిసార్లు" అన్నాను. వాడు ఇంటికెళ్ళి తొమ్మిదన్నాడట. ఆవిడ, "పదనుకున్నాను. చేతులు లాగేసి లెక్క తప్పానేమో" అందట. ఆ మాట వాడు మురిసిపోతూ చెబుతుంటే, నేను చెప్పుల షాపు బోర్డు చదువుతూ నిలబడ్డాను.

అలా పద్నాలుగేళ్ళు గడిచాయి. వాడు నమ్మాడో, నమ్మాలనుకున్నాడో నేను ఎన్నడూ అడగలేదు.

ఈ వానాకాలంలో వాడికి జ్వరం వచ్చింది. పదకొండు రోజులు. కంపౌండరు చేతిలో ఉన్నదంతా చేశాడు. చివరికి వాడు పోయి, సగం అల్లిన లైబ్రరీ కుర్చీ ఒకటి మిగిలింది.

రెండు నెలల తర్వాత వాడి భార్య నా షాపుకి వచ్చింది. కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"అన్నయ్యా, ఈసారి మీతో నేనొస్తాను. ఆయన నిలబడ్డ చోట నిలబడి మా డాబా ఒక్కసారి చూడాలి. పదకొండింటికి మా అమ్మాయి దుప్పటి ఊపుతానంది."

"దారి కష్టం చెల్లెమ్మా."

"ఆయనా ఎప్పుడూ ఇదే మాట. నేనూ వస్తానంటే ఆడవాళ్ళ వల్ల కాదనేవారు. ఆయన ఎక్కలేదా?"

మిషన్లో కాగితం ఇరుక్కుంది. దాన్ని లాగుతున్నట్టు తల దించుకుని, "సరే" అన్నాను.

ఆ సాయంత్రం ముగ్గురం సమావేశమయ్యాం. "మబ్బు పట్టిందని చెబుదాం" అన్నాడు మాస్టారు. కంపౌండరు నా వైపు వేలు చూపించాడు. "అల్లింది వీడు. విప్పేదీ వీడే."

ఆదివారం ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. చెల్లెమ్మ కాన్వాసు బూట్లు వేసుకుని మాకన్నా ముందు నడిచింది. చెప్పేద్దామని పదిసార్లు దగ్గరికెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ నీళ్ళు తాగి వెనక్కొచ్చాను. "ఇంకో సీసా తాగావంటే కొండకి వరదొస్తుంది" అన్నాడు కంపౌండరు. ఎవరూ నవ్వలేదు.

మూడో మలుపు వచ్చింది. ఆవిడ గొలుసు పట్టుకుని, భయమన్నది లేకుండా నాలుగడుగులు వేసేసింది.

"చెల్లెమ్మా, ఆగు" అన్నాను.

ఆగి, వెనక్కి తిరిగింది. చెప్పాను. గొలుసు, వాడి కాళ్ళు, మేం వేసిన ఒట్టు, గుట్ట అడ్డం, నా తొమ్మిదిసార్లు, అన్నీ. ఒక్క మాట కలపలేదు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుస్తూ ఉండిపోయాడు.

ఆవిడ నాలుగడుగులూ వెనక్కి వచ్చింది.

"ఇక్కడేనా?"

"ఆ బండ మీద."

"ఒక్కరేనా?"

"మేం వచ్చేదాకా."

బండ మీద కూర్చుంది. చేత్తో దాన్ని నిమిరింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఇక్కడ ఆయన ఒక్కరే. అక్కడ డాబా మీద నేనొక్కదాన్నే. తెలిస్తే నేనూ వచ్చి ఇక్కడే కూర్చునేదాన్ని కదా అన్నయ్యా. ఆయన్ని పైకి ఎక్కమని నేనెప్పుడైనా అన్నానా? సెలవు రోజంటే ఆయనకి ఏడాదికి అదొక్కటే. ఆ రోజు కూడా చెరో చోట గడిపాం."



ఇంతలో ఆవిడ ఫోను మోగింది. పదకొండయింది. ఆవిడ స్పీకరు నొక్కింది.

"అమ్మా, ఊపుతున్నా! కనబడుతున్నానా?" అంది అమ్మాయి రొప్పుతూ.

ఆవిడ ఎదురుగా ఉన్న బండ వైపు చూసింది. కనబడుతున్నావు అనేస్తే బాగుండునని మనసులో దండం పెట్టుకున్నాను. నా సంగతి నాకు తెలుసు.

"లేదమ్మా. ఇక్కణ్ణుంచి ఏమీ కనబడదు."

"మరి నువ్వు ఊపింది నాన్నకెలా కనబడేది?"

ఆవిడ ఫోను నా చేతికిచ్చింది. "మీరే చెప్పండి" అంది.

అలవాటుగా ఏదో జోకుతో మొదలుపెడదామనుకున్నాను. మానుకున్నాను. "మీ నాన్న పైదాకా ఎన్నడూ ఎక్కలేదమ్మా. మధ్యలోనే కూర్చునేవాడు. ఊపడం చూశామని చెప్పింది నేను. అబద్ధం" అన్నాను.

అటునుంచి దుప్పటి మడతపెడుతున్న చప్పుడు వినిపించింది.

"మావయ్యా, ఆ రోజు అమ్మ పొద్దున్నే తలంటుకుని, బీరువాలోంచి మంచి చీర తీసి కట్టుకుని డాబా ఎక్కేది. నాన్న చూస్తారని. మీకు తెలుసా?"

"తెలియదమ్మా" అన్నాను.

ఫోను తిరిగి ఇచ్చేశాను. ఆవిడ చెవికి పెట్టుకుని, "ముందు కిందకి దిగు. ఎండ నెత్తి మీదుంది" అంది కూతురితో.