గట్టు మొదట్లో గేటు

కైకలూరు దగ్గర మాకో చేపల చెరువు ఉంది. మా ఆయన ఏలూరు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యారు. చెరువు మా నాన్నగారు నాకిచ్చింది. దాని మీద ఉపన్యాసాలు మాత్రం ఆయనవి.

మా గట్టు వెంట ఇరవై చెరువులున్నాయి, అన్నింటికీ దారి ఆ గట్టొక్కటే. చేపల దొంగతనాలు ఎక్కువయ్యేసరికి మూడు సెక్యూరిటీ కంపెనీలు దిగాయి. అప్పుడు చూడాలి మా ఆయన సంబరం! ముగ్గురుంటే పోటీ ఉంటుందట, ఒకడు సరిగ్గా చూడకపోతే ఇంకొకడి దగ్గరికి పోతామట, ఆ భయంతో అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తారట. నా కాఫీ చల్లారిపోయేదాకా చెప్పారు. ముగ్గురూ ఒకటైపోతేనో అని అడిగితే, నాలుగోవాడు వస్తాడన్నారు.

నిజం చెప్పొద్దూ, మొదట్లో బాగానే ఉంది. ఒక కంపెనీవాళ్లు సెల్యూట్ కొట్టేవారు, ఇంకో కంపెనీవాళ్లు కుర్చీ వేసేవారు. వాళ్ల కుక్కలు మాత్రం ఎదురుపడితే కొట్టుకు చచ్చేవి.

ఏడాది తిరక్కుండానే, ఒకరోజు వెళ్లేసరికి మూడు కంపెనీల కుక్కలూ ఒకే పళ్లెంలో అన్నం తింటున్నాయి. నాకు విషయం అర్థమైపోయింది. కంపెనీలు ఒకటైపోయాయి. ఆ వారమే గట్టు మొదట్లో ఇనుప గేటు వెలిసింది. సెల్యూట్లు, కుర్చీలు పోయాయి, రేటు పెరిగింది. నాలుగోవాడు వచ్చాడు గానీ, ఆ గేటు దాటలేక వెనక్కి పోయాడు. నాకు ఒళ్లు మండి కాపలా మాన్పించేశాను. మా ఆయన మెచ్చుకున్నారు కూడా.

మర్నాడే చేపల పట్టుబడి. తెల్లవారగానే వలవాళ్లనీ ఐసు లారీనీ వెంటబెట్టుకుని వెళితే గేటుకి తాళం. లోపల ఏడాదిగా మేత వేసి పెంచిన చేప. ఆ పూట దాటితే వలవాళ్లూ దొరకరు, లారీ దొరకదు. గేటు దగ్గరున్నది ఒకప్పుడు మాకు కుర్చీ వేసినవాడే.

“మీరు కాపలా మానేశారు కదండీ అమ్మగారూ. బయటివాళ్లని పంపొద్దని ఆర్డరండి.”

“మా చెరువుకి మేం బయటివాళ్లమా?”

“రూలు అదేనండి,” అన్నాడు ఎంతో మర్యాదగా.

నేను తిట్టిన తిట్లకి కుక్కలు లేచి దూరంగా పోయి పడుకున్నాయి. పోలీసుల దగ్గరికి వెళ్లొచ్చేసరికి ఐసు మిగలదని వలవాళ్లు గొణిగారు. లారీ కింద కారుతున్న నీళ్లకేసి మా ఆయన చాలాసేపు చూశారు. నన్ను పెన్ను అడిగి తీసుకుని, వాళ్ల కాగితం మీద కొత్త రేటుకి సంతకం పెట్టారు.

కాపలావాడు విజిల్ ఊది, గేటు బార్లా తీసి, సెల్యూట్ కొట్టాడు.

“రండి మాస్టారూ, మీ చెరువే కదండీ.”